గువ్వల గుంపు ఎప్పుడొస్తుంది, ఎటు పోతుంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

శనగ విత్తే కాలం దగ్గరపడే కొద్దీ గువ్వల మీద ఉత్తరాలు ఎక్కువయ్యాయి. పంట కాపాడుకోవాలని కొందరు, ఫొటోలు తీయాలని కొందరు, వేట గురించి ఒకరిద్దరు అడిగారు. ఎవరు ఎందుకు అడిగినా ముందు తెలియాల్సింది మూడు చోట్లు: గింజలు ఎక్కడున్నాయి, నీళ్ళు ఎక్కడున్నాయి, రాత్రి పడుకునే చెట్లు ఎక్కడున్నాయి. గువ్వ రోజంతా తిరిగేది ఈ మూడింటి మధ్యే.

కోసేసిన జొన్న చేలో పొద్దున్నే వందల గువ్వలు వాలుతున్నాయి. తొమ్మిదింటికి పోయి చూస్తే ఒక్కటీ ఉండదు. సాయంత్రం మళ్ళీ వస్తాయి. మధ్యలో ఎక్కడికి పోతాయి?
— ఒక రైతు, ఆలూరు

గువ్వకు మెడ కింద గింజలు నిలవచేసుకునే సంచి ఉంటుంది. తెల్లారగానే చేలో దిగి గంట, రెండు గంటల్లో ఆ సంచి నింపుకుంటుంది. నిండాక చేలో ఉండే పని లేదు. పైగా ఎక్కువసేపు నేలమీద ఉంటే డేగ కంట పడుతుంది. అందుకే వెళ్ళిపోతుంది. తిన్న గింజలు తర్వాత తీరిగ్గా అరుగుతాయి.

తిన్నాక కొన్ని నేరుగా నీళ్ళకు పోతాయి. కొన్ని ముందు గులకరాళ్ళకు పోతాయి. కోడి కందనకాయ కోస్తే లోపల ఇసుక, చిన్న రాళ్ళు కనబడతాయి కదా, గువ్వకూ అంతే. పళ్ళు లేవు కాబట్టి గింజను నలగ్గొట్టేది ఆ రాళ్ళే. మట్టిరోడ్డు అంచున, వంక ఇసుకలో, రైలు పట్టాల పక్కన గువ్వలు తలలు వంచుకుని ఏరుకుంటున్నాయంటే అక్కడ గింజలు ఉన్నాయని కాదు, రాళ్ళ కోసం వచ్చాయని.

ఎండ ముదిరాక తుమ్మ, వేప, చింత చెట్ల లోపలి కొమ్మల్లో కదలకుండా కూర్చుంటాయి. మీరు ఆ చెట్టు కిందనుంచే నడిచి పోయినా కనబడవు. మూడున్నర, నాలుగు నుంచి రెండో మేత మొదలవుతుంది. రాత్రంతా గడవాలి కాబట్టి సాయంత్రం సంచి పూర్తిగా నింపుకుని, చివరిసారి నీళ్ళు తాగి, పొద్దు గూకేలోపు రాత్రి చెట్టుకు చేరతాయి.

ఈ వేళలు కొంచెం అటూ ఇటూ జరుగుతుంటాయి. మంచు పట్టిన పుష్యమాసం పొద్దుల్లో ఎండ తగిలే దాకా కరెంటు తీగల మీదే ముడుచుకుని ఉంటాయి. మబ్బు పట్టిన రోజు మేత పగలంతా కొంచెం కొంచెంగా సాగుతుంది, పెద్ద గుంపు కనబడదు. ఎండాకాలంలో మాత్రం మధ్యాహ్నం కూడా నీళ్ళకు రావాల్సిందే. పురుగులు, పండ్లు తినే పిట్టకు తిండిలోనే కొంత తడి దొరుకుతుంది. గువ్వ తినేది దాదాపు అంతా ఎండు గింజే.

మీ చేనే ఎందుకంటే, గువ్వ కాళ్ళు పొట్టివి. కోడిలా కాళ్ళతో కెలకదు, పైన కనబడింది ముక్కుతో ఏరుకోవడమే. మోకాలెత్తు కలుపు ఉన్న చేలో ఎన్ని గింజలు రాలినా దిగదు. గొర్రెల మంద మేసిపోయిన చేను, కొయ్యకాళ్ళ మధ్య నేల తేటగా కనబడే చేను దానికి ఇష్టం. కోత అయిన వెంటనే కంటే మంద తిరిగాకే గుంపు పెరగడానికి కారణం ఇదే.

మా ఇంటి దగ్గర గువ్వలు ఎప్పుడూ రెండే కనబడతాయి. చేలల్లో మాత్రం మందలు మందలుగా ఉంటాయి. ఇవి వేరే జాతులా? ఆ మందకు నాయకుడు ఉంటాడా?
— ఒక ఉపాధ్యాయురాలు, ఉరవకొండ

జాతులు కొన్ని వేరే, పద్ధతి మాత్రం ఒకటే. గూడు కట్టే జంట విడిగా ఉంటుంది, మగది తన కొమ్మ దగ్గరికి ఇంకో మగదాన్ని రానివ్వదు. అదే జంట మేతకు పోయినప్పుడు అందరితో కలుస్తుంది. అంటే మంద అనేది స్థిరమైన కుటుంబం కాదు. గింజలు దొరికే చోట పొద్దున కూడి, నీళ్ళ దగ్గర విడిపోయి, సాయంత్రం ఇంకొకరితో కలిసే సంతలాంటిది. గింజ అయిపోతే మంద కూడా లేదు.

నాయకుడు ఉండడు. ఒకటి వాలితే, పైన పోయేది దాన్ని చూసి వాలుతుంది. కింద ఉన్నవి నిదానంగా తింటున్నాయంటే అక్కడ తిండి ఉంది, భయం లేదు అని దానికి గుర్తు. అందుకే మొదటి నాలుగు గువ్వలు దిగడానికి పావుగంట పట్టినా, తర్వాతి నలభై గువ్వలు రెండే నిమిషాల్లో దిగుతాయి. మంద మేస్తున్నప్పుడు కాసేపు చూడండి. వెనకున్నవాటికి ఖాళీ నేల మిగులుతుంది, అవి లేచి ముందున్నవాటి తలల మీదుగా ఎగిరి ముందు వరసలో దిగుతాయి. కాసేపటికి ఇప్పుడు వెనకబడినవి లేస్తాయి. దూరం నుంచి చూస్తే మంద మొత్తం చేను మీద దొర్లుకుంటూ పోతున్నట్టు ఉంటుంది.

గుంపులో ఉంటే ఒక్కొక్కటి తల ఎత్తి చూడాల్సిన పని తగ్గుతుంది. ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు కాబట్టి మిగతావి తినగలవు. డేగ వచ్చినా అది పట్టేది ఒకదాన్నే. ప్రమాదం వచ్చినప్పుడు గువ్వ అరవదు, రెక్కల చప్పుడే హెచ్చరిక. మామూలుగా లేచే గువ్వను మిగతావి పట్టించుకోవు. ఉలిక్కిపడి లేచినదాని రెక్కలు టపటపా మోగితే అన్నీ ఒక్కసారిగా లేస్తాయి.

మన జిల్లాల్లో తరచుగా కనబడేవి నాలుగు. మెడ వెనక సన్నటి నల్ల గీత ఉండి, బూడిద రంగులో 32 సెంటీమీటర్ల దాకా పొడవుండేది పెద్ద బెళవ గువ్వ. చేలల్లో మందలు కట్టేది ఎక్కువగా ఇదే. దాదాపు 27 సెంటీమీటర్లతో, ఇళ్ళ దగ్గర, బోరు షెడ్డులో తిరుగుతూ, నవ్వినట్టు కూసేది చిన్న గువ్వ. మెడ వెనక నలుపు మీద తెల్ల చుక్కలు ఉన్నది పొడ గువ్వ, దీనికి కాస్త చెట్టూ చేమా ఉన్న చోటు కావాలి. అన్నిటికంటే చిన్నది ఎర్ర గువ్వ, 23 సెంటీమీటర్లు. మగదానికి ఒళ్ళు ఇటుక రంగు, తల బూడిద రంగు. ఆడది మట్టి రంగులో ఉండి పెద్ద బెళవ గువ్వ పిల్లేమో అనిపిస్తుంది. గుంపులో మెడ గీత లేనివి కనబడితే కొత్త జాతి అనుకోకండి, ఈ ఏడు పుట్టిన పిల్లలకు ఆ గీత ఇంకా రాదు.

గువ్వల మంద ఎగురుతుండగా ఫొటో తీయాలని ఉంది. దగ్గరికి పోతే లేచిపోతున్నాయి. ఎక్కడ కూర్చోవాలి?
— ఒక డిగ్రీ విద్యార్థి, జమ్మలమడుగు

వాటి దగ్గరికి మీరు పోవద్దు. వాటి దారిలో ముందే కూర్చోండి. మేత నుంచి నీళ్ళకు, నీళ్ళ నుంచి చెట్లకు గువ్వలు దాదాపు రోజూ ఒకే గాలిదారిన పోతాయి. ఆ దారిని పట్టించే గుర్తులు నేలమీదే ఉంటాయి. చెట్ల వరసలో ఖాళీ ఉన్న చోటు, గట్టు మీద ఒంటరి ఎండుచెట్టు, కరెంటు తీగలు పొలం దాటే చోటు, వంక మలుపు. ఎండుచెట్టు ముఖ్యం. గువ్వ కిందికి దిగేముందు ఆకులు లేని కొమ్మ మీద ఆగి నేలంతా చూసుకుంటుంది.

మొదటి రోజు కెమెరా వదిలేసి వెళ్ళండి. సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడే దాకా రెండు వందల అడుగుల దూరంలో నిలబడి, ఎటు నుంచి ఎటు పోతున్నాయో కాగితం మీద గీతలు గీయండి. గీతలు ఎక్కువగా ఒకదాని మీద ఒకటి పడిన చోటే మీ చోటు. పెద్ద గుంపును లెక్కపెట్టాలంటే ముందు పది గువ్వలు ఎంత చోటు పడుతున్నాయో కళ్ళతో పట్టుకుని, అంత ముక్కలు గుంపులో ఎన్ని ఉన్నాయో చూడండి. ఒక్కొక్కటీ లెక్కపెట్టబోతే సగంలోనే తప్పుతారు. మొత్తాన్ని ఒకేసారి అంచనా వేసేవాళ్ళు చాలాసార్లు తక్కువ చెబుతారు.

రెండో రోజు అవి రావడానికి కనీసం ముప్పావు గంట ముందే కూర్చోవాలి. సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. గాలి కూడా వీపు నుంచి వీస్తే ఇంకా మంచిది. గువ్వ గాలికి ఎదురుగా దిగుతుంది కాబట్టి ముఖం మీవైపు ఉంటుంది. రంగు బట్టల కంటే కదలికే ఎక్కువ పట్టిస్తుంది. సర్కారు తుమ్మ పొద ముందు, దాని నీడలో కూర్చుంటే చాలు. పొద వెనక దాక్కుంటే తల ఎత్తిన ప్రతిసారీ కనబడిపోతారు. చాలామంది చేసే పొరపాటు, గువ్వ కనబడగానే కెమెరా గబుక్కున ఎత్తడం. కెమెరా ముందే కంటికి ఆనించి, అది నిర్ణయించుకున్న చోటుకు వచ్చేదాకా ఆగాలి. షట్టర్ వేగం సెకనులో 2000వ వంతు పెట్టుకోండి, అంతకు తగ్గితే రెక్క కొసలు చెదిరిపోతాయి.

నీళ్ళ దగ్గరైతే కుంట మొత్తం చూడక్కర్లేదు. గడ్డి లేకుండా, నేల తేటగా, ఏటవాలుగా నీళ్ళలోకి దిగే అంచు ఒకటి రెండు చోట్లే ఉంటుంది. గడ్డి ఉన్న అంచున ముంగిస గానీ పిల్లి గానీ పొంచి ఉండొచ్చు కాబట్టి అక్కడ దిగవు. గువ్వ తాగే తీరు కూడా చూడదగ్గది. కోడి ఒక గుక్క ముక్కులోకి తీసుకుని తల ఎత్తి మింగుతుంది. గువ్వ ముక్కును నీళ్ళలో ముంచి, ఎత్తకుండా, కొన్ని సెకన్లలో కడుపు నిండా పీల్చేస్తుంది. అలా తల వంచిన క్షణమే దానికి ప్రమాదం, అందుకే ఎక్కువసేపు నిలవదు. ఒక్క వాన గట్టిగా పడితే మాత్రం ఈ లెక్కంతా చెడుతుంది. ప్రతి గుంటలో నీళ్ళు ఉంటాయి, ఎక్కడ తాగుతాయో చెప్పలేం. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం వైపు కుంటలన్నీ ఎండాక, బోరు దగ్గరి ఒక్క తొట్టికే చుట్టుపక్కల గువ్వలన్నీ చేరతాయి.

గువ్వలు పావురాల జాతే కదా, కొడితే ఏమవుతుంది? ఎయిర్ గన్‌కు లైసెన్సు కూడా అక్కర్లేదంటున్నారు. వల వేస్తే?
— పత్తికొండ నుంచి ఒక పాఠకుడు

నేరమవుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధిస్తుంది. వేట అంటే తుపాకీతో కొట్టడమే కాదు. ఉచ్చు, వల, విషం పెట్టడం, మేత చల్లి అలవాటు చేసి పట్టడం, తరమడం, గుడ్లు పగలగొట్టడం, గూడు చెదరగొట్టడం అన్నీ చట్టంలోని ఆ మాట కిందికే వస్తాయి. ప్రయత్నం చేసినా అంతే. 2022లో చట్టాన్ని సవరించారు, సవరణలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మామూలు శిక్ష మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అదే పని రోళ్ళపాడు లాంటి అభయారణ్యం హద్దులో చేస్తే కనీస శిక్షే మూడేళ్ళు, ఏడేళ్ళ దాకా పడుతుంది.

తుపాకీ లైసెన్సు వేరు, పక్షిని కొట్టే అనుమతి వేరు. మొదటిది అక్కర్లేనంత మాత్రాన రెండోది వచ్చినట్టు కాదు. పంట తింటోంది అన్నది కూడా సొంతంగా చంపడానికి అనుమతి కాదు.

దీంట్లోనే ఇంకో మాట. బోరు స్టార్టరు పెట్టె మీద చిన్న గువ్వ గూడు కట్టిందని, తీసేయొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. రెండు తెల్ల గుడ్లు పెడుతుంది, రెండు వారాలకు పిల్లలవుతాయి, ఇంకో రెండు వారాలకు ఎగిరిపోతాయి. నెల రోజులు ఓపిక పట్టి, అవి పోయాక ఆ నాలుగు పుల్లలు తీసేసి పెట్టెపైన ఏటవాలు రేకు బిగించండి. చదునైన చోటు లేకపోతే మళ్ళీ కట్టదు.

మా అబ్బాయి టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. స్నేహితులతో గువ్వల వేటకు పోతానంటున్నాడు. అక్కడ తప్పు కాదా?
— ఒక తండ్రి, ప్రొద్దుటూరు

అక్కడ కాలం, లెక్క, లైసెన్సు ఉంటే తప్పు కాదు. అవి లేకపోతే అక్కడా నేరమే. అమెరికాలో వలస పక్షులకు 1918 నాటి ఫెడరల్ చట్టం ఉంది, గువ్వలు దాని కిందికి వస్తాయి. టెక్సాస్ ఉత్తర, మధ్య మండలాల్లో కాలం సెప్టెంబర్ 1న మొదలవుతుంది. మనిషికి రోజుకు 15 గువ్వలు, మొత్తం మీద దగ్గర ఉంచుకోగలిగింది దానికి మూడింతలు. తుపాకీలో మూడు తూటాలకు మించి పట్టకుండా అడ్డు బిగించాలి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేటగాళ్ళ శిక్షణ పూర్తి చేయాలి. లైసెన్సు మీద వలస పక్షుల అనుమతి కూడా ఉండాలి.

మీ అబ్బాయి వీసా మీద ఉన్నాడా అన్నది అన్నిటికంటే ముందు చూడాలి. చదువు, ఉద్యోగం లాంటి తాత్కాలిక (వలసేతర) వీసాతో ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉంది. స్నేహితుడి తుపాకీని కాసేపు పట్టుకున్నా ఈ నియమం వర్తిస్తుంది. లైసెన్సు చేతికి రాకముందు ఏదీ ముట్టుకోవద్దని చెప్పండి, అనుమానం ఉంటే అక్కడి లాయరును అడగమనండి.

అక్కడి వేటగాళ్ళు వాడే తెలివి మనం పైన చెప్పుకున్నదే. పొద్దున కోసిన పొద్దుతిరుగుడు చేను, మధ్యాహ్నం గులకరాళ్ళ రోడ్డు, సాయంత్రం పశువుల నీటి కుంట. చెట్ల వరసలో ఖాళీ దగ్గర, ఎండుచెట్టుకు అందేంత దూరంలో కూర్చుంటారు. కంచె తీగ మీద బొమ్మ గువ్వలు పెడతారు, ఒకటి వాలింది కదా అని మిగతావి వస్తాయని. ముప్పై అయిదు, నలభై గజాలు దాటిన గువ్వను మంచి వేటగాడు కొట్టడు, గాయపడి ఎక్కడో పడి చస్తుంది. తక్కువ ఎత్తులో పోయేదాన్నీ కొట్టరు, ఎదురుగా పొదలో ఇంకో మనిషి ఉండొచ్చు. గింజలు తెచ్చి చల్లి ఆ చేలో వేటాడటం అక్కడ ఫెడరల్ నేరం. చల్లిన గింజలన్నీ తీసేశాక కూడా పది రోజుల దాకా ఆ చేను పనికిరాదు. సాగులో భాగంగా కోసినప్పుడు రాలిన గింజల మీద వేటాడొచ్చు. ఈ తేడా తెలియక, చేను ఎవరిదో కనుక్కోకుండా పోయి ఇరుక్కునేవాళ్ళు కొత్తవాళ్ళే.

ఇంకో విషయం. మన చేలల్లో తిరిగే పెద్ద బెళవ గువ్వ అక్కడ బయటి నుంచి వచ్చిన పక్షి. 1970లలో బహామాస్ దీవుల్లో పంజరాల నుంచి బయటపడి, ఫ్లోరిడా మీదుగా పాకింది. టెక్సాస్‌లో దానికి రోజువారీ పరిమితి లేదు. స్థానిక గువ్వకు లెక్క ఉంది, వచ్చి చేరినదానికి లేదు. వాళ్ళు లెక్కల్లో గట్టిగా ఉండటానికి కారణం కూడా ఉంది. అక్కడ ఒకప్పుడు ఆకాశం కప్పేసేంత మందలతో తిరిగిన ప్యాసింజర్ పావురం వేటకు బలై, చిట్టచివరిది 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటి జంతుశాలలో చనిపోయింది.

ఏడెకరాల నల్లరేగడిలో శనగ, పక్కనే మూడెకరాల్లో పొద్దుతిరుగుడు వేస్తాం. విత్తిన రోజు నుంచీ గువ్వలు, పావురాలు. రిబ్బన్లు కట్టినా లాభం లేదు. ఏం చేయాలి?
— ఒక రైతు, కోవెలకుంట్ల

మీ రెండు పంటల కథ వేరు వేరు. ముందు నిజంగా గువ్వలేనా అని చూడండి. గువ్వ, పావురం తవ్వవు. నేలలో గుంట చేసి, సాలు వెంబడి గింజ తీసుకుపోయి ఉంటే అది నెమలి, కౌజు, ఎలుక, ఉడుత పని. మొలక నేలకు పైన తెగిపోయి ఉంటే, పప్పుబద్దలు కొరికేసి ఉంటే పావురాలను, గువ్వలను అనుమానించాలి.

శనగ గింజ 5 నుంచి 8 సెంటీమీటర్ల లోతున పడితే గువ్వకు అందదు. అందేదల్లా పైన పడ్డవి. అవి ఎక్కడ పడతాయంటే, విత్తనం వేసే గొర్రు తిప్పుకునే చోట. చేను రెండు కొసల్లో, ట్రాక్టరు మలుపు తీసుకుంటూ గొర్రు ఎత్తినప్పుడు, గొట్టాల్లో ఉన్న గింజలు అలాగే రాలిపోతాయి. గట్టు పక్కన నాలుగైదు అడుగుల వెడల్పున శనగలు పరిచినట్టు కనబడతాయి. పొద్దున మొదటి గువ్వ దిగేది అక్కడే. దాన్ని చూసి మిగతావి వస్తాయి, కొస అయిపోయాక సాళ్ళలోకి నడుస్తాయి, మట్టి సరిగా కప్పని గింజలు అప్పుడు వాటికి దొరుకుతాయి. కాబట్టి మలుపు దగ్గర గింజ వదలడం ముందే ఆపాలి, విత్తిన సాయంత్రమే కొసల్లో రాలినవి ఊడ్చి ఎత్తాలి లేదా గుంటక తిప్పి పూడ్చాలి. విత్తాక చేను మీద చదును పలక లాగిస్తే పెడ్డల మధ్య కనబడే గింజలు మూసుకుపోతాయి, తేమ కూడా నిలుస్తుంది.

శనగలో ఇంకో నిబ్బరం ఉంది. దాని పప్పుబద్దలు నేలలోనే ఉండిపోతాయి, మొలక మాత్రమే పైకి వస్తుంది. పై మొలకను పావురం తెంపినా కింద కణుపు నుంచి ఇంకో చిగురు వస్తుంది. కందిదీ అదే తీరు. పొద్దుతిరుగుడు అలా కాదు. బద్దలు రెండూ నేల చీల్చుకుని పైకి వస్తాయి, వాటితోపాటే చిగురు కూడా. పావురం బద్దలు తెంపితే ఆ మొక్క పోయినట్టే. పెసర, అలసందలదీ ఇదే బాధ. ఎకరాకు రెండు, రెండున్నర కిలోల గింజే వేసే పంటలో అక్కడక్కడ పోయినా ఖాళీలు కొట్టొచ్చినట్టు కనబడతాయి. అందుకని మీ కాపలా అంతా పదెకరాలకూ పంచకండి. పొద్దుతిరుగుడు మూడెకరాల మీద పెట్టండి. మొలక కనబడే నాలుగో అయిదో రోజు నుంచి, అసలు ఆకులు రెండు విచ్చేదాకా, అంటే విత్తిన పది పన్నెండు రోజుల దాకా. రోజంతా కూడా అక్కర్లేదు. పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర. మధ్యాహ్నం మంచె మీద కూర్చుని అరవడం వృథా, గువ్వలు అప్పుడు చెట్లలో నిద్రపోతుంటాయి.

కాపలాలో ఒక కిటుకు. మంద దిగాక తరిమితే అటు లేచి ఇటు దిగుతుంది, మీరే అలసిపోతారు. మొదటి నాలుగు దిగేటప్పుడే తరమండి. అవి దిగకపోతే పైన పోయేవాటికి చూసి దిగడానికి ఎవరూ ఉండరు. పక్కన ఎండుచెట్టు గానీ, తీగల వరస గానీ ఉంటే మనిషి నిలబడాల్సింది దాని కిందే, చేను మధ్యలో కాదు.

రిబ్బన్ల గురించి మీరన్నది నిజమే. ఎరుపు, వెండి రంగు రిబ్బను గాలికి గుయ్యిమని, ఎండకు మెరిసి చిలకలను, పిచ్చుకలను కొంత ఆపుతుంది. గువ్వలను పెద్దగా ఆపదు. అవి నడిచి కిందినుంచి దూరతాయి. బెదురుబొమ్మ మూడు నాలుగు రోజులు పనిచేస్తుంది, తర్వాత దాని చేతి మీదే వాలతాయి. రోజూ చోటు మార్చి, పొద్దున్నే దాని పక్కన మనిషి కూడా కనబడితే ఇంకో నాలుగు రోజులు గుట్టు దాగుతుంది. చేపల పాతవల కప్పడం మాత్రం వద్దు. కాళ్ళు చిక్కుకుని పక్షులు చస్తాయి, పాములూ చిక్కుతాయి, పైన చెప్పిన చట్టం మీకు వర్తిస్తుంది.

విత్తే ముందు చేయదగ్గది ఇంకొకటి. అదే చేలో అంతకు ముందు కొర్రో సజ్జో కోసి ఉంటే రాలిన గింజలకు గువ్వలు అప్పటికే మరిగి ఉంటాయి. విత్తడానికి వారం ముందు రెండుసార్లు గుంటక తిప్పితే ఆ గింజలు పూడిపోతాయి, మంద ఇంకో చేను వెతుక్కుంటుంది. దూరంగా ఉన్న కొయ్యకాళ్ళ చేను ఒకటి దున్నకుండా వదిలితే అటు పోతుంది. పక్క రైతులతో కలిసి ఒకే వారంలో విత్తుకుంటే ఇంకా మేలు. అందరికంటే ముందు మొలిచిన చేను, అందరికంటే చివర మొలిచిన చేను, ఈ రెండే ఎక్కువ దెబ్బ తింటాయి.

విత్తనశుద్ధి మందు పట్టించిన గింజ గువ్వ తినదనుకోవడం పొరపాటు. తింటుంది, చస్తుంది. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు పట్టించిన గింజలు కొద్దిగా తిన్నా చిన్న పక్షికి ప్రాణం మీదికి వస్తుంది. కొసల్లో రాలిన గింజ పూడ్చమనడానికి ఇది రెండో కారణం. ఆ గింజలు మీ కోళ్ళూ తింటాయి, నెమళ్ళూ తింటాయి. మిగిలిన మందు గింజ గట్టు మీద పారబోయకండి, గొర్రు గొట్టాలు కుంటలో కడగకండి.

పొద్దుతిరుగుడు పువ్వులో గింజ పాలు పోసుకునే దశలో గువ్వలు తినేస్తున్నాయి. మందు ఉందా?
— కళ్యాణదుర్గం

అవి గువ్వలు కాకపోవచ్చు, చిలకలు. పువ్వు మీద వేలాడి, గింజ చీల్చి, పొట్టు కింద రాల్చేది చిలకే. గువ్వ గింజను పొట్టుతో సహా మింగుతుంది, అదీ నేలమీద రాలినదాన్నే ఎక్కువ. పువ్వు కింద పొట్టు కుప్పగా ఉందేమో చూడండి. ఉంటే అది చిలకల పనే, దానికి మందు కాదు, కాపలా చూసుకోవాలి. చిలకలకు మాత్రం రిబ్బను కొంత పనిచేస్తుంది.

రోళ్ళపాడు దారిలో ఒక కుంటకు పొద్దున ఎండెక్కాక గువ్వల్లాంటివే గుంపులుగా వస్తున్నాయి. కానీ తోక సన్నగా, సూది కొసలా ఉంది. ఎగురుతూ అరుస్తాయి. ఇవేమిటి?
— ఒక లారీ డ్రైవరు, నందికొట్కూరు

పొలంక పిట్టలు. గువ్వ ఎగురుతూ పెద్దగా అరవదు, ఇవి అరుస్తూనే వస్తాయి, కనబడకముందే వినబడతాయి. బీడు నేలమీదే బతుకుతాయి, చెట్టెక్కవు. నీళ్ళకు కాస్త దూరంగా దిగి, నడిచి అంచుకు వచ్చి, గుక్క తీసుకుని తల ఎత్తి మింగుతాయి, గువ్వలా పీల్చవు. మగది పొట్ట ఈకలు నీళ్ళలో తడుపుకుని, ఆ తడిని మోసుకుపోయి పిల్లలకు తాగిస్తుంది. కాబట్టి అది అంచున కాసేపు పొట్ట ఆనించి ఊగుతుంటే దెబ్బ తగిలిందనుకోకండి. లారీ ఆపినా దూరంగా ఆపండి. ఆ పూట నీళ్ళు దొరక్కుండా లేచిపోతే పిల్లలకూ దొరకవు.

మేడ మీద మూకుడులో నీళ్ళు, గింజలు పెడుతున్నాం. ఈ మధ్య గువ్వలు గొంతు ఉబ్బి, నోరు తెరుచుకుని, ఎగరలేక చచ్చిపోతున్నాయి. ఎండ దెబ్బా?
— ఒక గృహిణి, కడప

ఎండ దెబ్బ కంటే ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే గొంతు జబ్బును ముందు అనుమానించాలి. గువ్వలు, పావురాల్లో ఇది పాతదే. నోటిలో, గొంతులో పసుపు రంగు జున్నులాంటి గడ్డ పెరుగుతుంది, మింగలేక పక్షి నీళ్ళ దగ్గరే కూర్చుంటుంది, తాగబోయిన నీళ్ళూ గింజలూ మళ్ళీ మూకుట్లోనే పడతాయి. తర్వాత తాగే పక్షికి అంటుకునేది అలాగే. పిల్లలకు తల్లీ తండ్రీ తమ మెడ సంచిలో ఊరే పాలలాంటి తిండిని నోటితో పెడతాయి, దానితోనూ పోతుంది. అంటే సాయం చేద్దామని పెట్టిన మూకుడే జబ్బు పంచుతోంది.

రెండు వారాలు నీళ్ళూ గింజలూ పూర్తిగా ఆపండి, గుంపు చెదిరిపోతుంది. మూకుడు బ్లీచింగు నీళ్ళతో రుద్ది కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి, ఈ సూక్ష్మజీవి తడి లేకపోతే బతకదు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఒక పెద్ద మూకుడు కాకుండా మూడు చిన్నవి, దూరం దూరంగా పెట్టండి. రోజూ పొద్దున పాత నీళ్ళు పారబోసి, రుద్ది, కొత్తవి పోయండి. గింజలు నీళ్ళ పక్కన వద్దు, సాయంత్రానికి మిగలనంతే వేయండి. చచ్చిన గువ్వను చేత్తో ముట్టకుండా, కవరు తొడుక్కుని తీసి, లోతుగా పూడ్చండి. ఇంట్లో కోళ్ళుంటే వాటి తొట్టి దగ్గరికి గువ్వలు రాకుండా జాలీ వేయండి. ఒకేసారి చాలా పక్షులు, కాకులతో సహా చచ్చిపడుతుంటే మాత్రం అది వేరే జబ్బు కావచ్చు. అప్పుడు వాటిని పూడ్చకుండా, ఎవరినీ ముట్టనివ్వకుండా, ముందు పశువైద్యశాలకు కబురు చేయండి.